పురుడూ కాదు, మైలా కాదు

గేజీలో ముల్లు నలభై రెండు దగ్గరుంది. అది నూరుకు పోవాలి, నూరు దగ్గర కాసేపు నిలబడాలి, నీళ్ళు తెర్లి మూత అంచు మీదుగా పొర్లాలి. అప్పటిదాకా నేను ఈ ఇనుప మెట్ల మీద, ఈ ముసలాయన పక్కన, చేతులకు రెండు జతల గ్లౌజులు తొడుక్కుని నిలబడాలి. ఇప్పుడు మూడు కావస్తోంది, ఒక గంట పడుతుంది. గంటంటే ఎంత, టీ తాగి అటూ ఇటూ తిరిగొస్తే అయిపోయేదే, కానీ నాలుగింటికి నా పెళ్ళాం అన్న చిన్నరాములు కర్దనూర్‌లో మా ఇంటి ముందు ఆటో ఆపుతాడు, నిషిత సంచి పట్టుకుని ఎక్కుతుంది, ఎక్కితే మళ్ళీ మా గడప తొక్కుతుందని నాకు నమ్మకం లేదు. పొద్దున చెప్పింది ఆ మాట. నాకు చెప్పింది అనడం కూడా తప్పే, నేను వింటున్నానని తెలిసి గోడకు చెప్పింది. "నాలుగింటికి మా అన్న వస్తుండు. పోతున్న." నేను అప్పుడు షూ లేసు కట్టుకుంటున్నాను. ముడి వేశాను, విప్పాను, మళ్ళీ వేశాను. పెళ్ళాం ఇల్లు విడిచి పోతానంటే నేను చేసిన ఘనకార్యం అది.

ముసలాయన పేరు ఎలియేజర్. యూదుల పంతులు, వాళ్ళు రబ్బీ అంటారు, మా ఆపరేటర్లు గడ్డం సారు అంటారు. ఏడాదికోసారి సముద్రాలు దాటి ఈ గడ్డపోతారం దాకా వస్తాడు. మా కంపెనీ చేసే పొడి ఎక్కడో వాళ్ళ దేశాల్లో విటమిన్ మాత్రల్లో కలుస్తుంది, వాళ్ళ ధర్మం ప్రకారం అది తినదగిందని ఈయన సంతకం పెడితే తప్ప అక్కడివాళ్ళు నోట్లో పెట్టుకోరు. సంతకానికి ముందు ఈ రియాక్టర్‌ను, అంటే రెండు నిలువుల ఎత్తున్న ఈ స్టీలు గుండిగను, ఒక పగలూ ఒక రాత్రీ ఏ పనీ చెప్పకుండా ఖాళీగా ఉంచాలి. తర్వాత నిండా నీళ్ళు పోసి మరగబెట్టాలి. ఆవిరి వాల్వు ఆయనే తన చేత్తో తిప్పాలి. ఇదివరకు ఇందులో వండినదాని జాడను ఉక్కు లోపలి నుంచి కక్కేస్తుందట. మొదటి ఏడు నవ్వుకున్నాను, ఈయనకూ మా అమ్మకూ ఎక్కడో చుట్టరికం ఉందని, మా అమ్మ కూడా కోడికూర వండిన గిన్నెను శనివారం ముట్టదు. ఇవాళ నవ్వు రాలేదు. పొద్దున ఆయన కారు దిగి చెయ్యి చాపితే నేను రెండు చేతులూ జోడించి దండం పెట్టి తప్పించుకున్నాను, అది మా మర్యాద అనుకుని ఆయనా సంతోషంగా చేతులు జోడించాడు.

మర్యాదా లేదు, మన్నూ లేదు. నేను ఆయన్ను ముట్టకూడదనుకున్నాను. ఆయన్నే కాదు, ఈ రియాక్టర్‌ను కూడా. మూత బోల్టులు విప్పడం, లోపల టార్చి కొట్టి చూపించడం, నీళ్ళ లైను తెరవడం అన్నీ నేను చేయవలసిన పనులు, అన్నీ ఒడిశా ఆపరేటర్ దిలీప్ చేత చేయించాను. "సార్ ఆజ్ హాత్ నహీ లగారే" అని, ఇవాళ సారు చెయ్యే పెట్టడం లేదని అతను నవ్వాడు. అతనికి చెప్పలేదు. మేనేజరు సోమేశ్వర్ సారుకు మాత్రం చెప్పాను. "పురిట్లనే గద మహేష్" అని ఆయన భుజం తట్టి, రబ్బీ ఇవాళ ఒక్కరోజే ఉంటాడు, రేపటినుంచి కావాలంటే సెలవు పెట్టుకో అన్నాడు. పురిట్లోనే కదా, అంటే లెక్కలోకి రాదు కదా అని. ఆయన తప్పేమీ లేదు, మా ఇంట్లోనూ అదే మాట, ఊళ్ళోనూ అదే మాట. నేనొక్కడినే ఎవరూ ఒప్పుకోని మైలను చేతులకు తొడుక్కుని తిరుగుతున్నాను, ఎవరి దేవుడి పాత్రో నా వల్ల చెడుతుందేమోనని.

పందొమ్మిది రోజులు. ఇంకో రెండు రోజులైతే ఇరవయ్యొకటి, పురుడు చేసి, తొట్టెల కట్టి, పేరు పెట్టి, పిల్ల చెవిలో మూడుసార్లు పిలిచేవాళ్ళం. పంతులు నక్షత్రం చూసి అక్షరం చెబుతాడు, అప్పుడు ఆలోచిద్దాంలే తొందరేంది అన్నది నేనే. అప్పటిదాకా పాప, చిన్నది, బుడ్డది, నోటికేదొస్తే అది. ఇంట్లో పురుడు గనక దేవుడి దగ్గర దీపం లేదు. నిషితకు వెనక గదిలో వేరే కంచం, వేరే గ్లాసు. నేను డ్యూటీ నుంచి వచ్చి గడప బయట నిలబడి తొంగి చూసి పోయేవాణ్ణి, రసాయనాల బట్టలతో లోపలికి రావద్దని అమ్మ. స్నానం చేసి వచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. నేను ఎత్తుకున్నది ఎన్నిసార్లో లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు చాలు, అందులో ఒకటి నిన్నటిది. మొన్న జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది, ఆసుపత్రికి తీసుకుపోయాం, నిన్న పొద్దున ఎగశ్వాస వచ్చి ఊపిరి ఆగింది. రక్తంలో ఇన్ఫెక్షన్ అని డాక్టరమ్మ ఏదో వివరంగా చెప్పింది, నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

"పేరు పెట్టని బిడ్డకు మైలేందిరా" అంది అమ్మ. "పురుడే ఇంక పోలె, మైల యాడికెల్లి వస్తది? తానం జేసి పసుపునీళ్ళు సల్లుకుంటే అయిపాయె. పెద్దోళ్ళకు చేసినట్టు చేస్తే ఇంటికి మంచిది గాదు." ఏడుస్తూనే అంది, అమ్మను రాయి అనడానికి లేదు. నా కంటే ముందు తనకు ఇద్దరు అట్లాగే పోయారు. వాళ్ళకూ పేర్లు లేవు, వాళ్ళ గురించి ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే పెద్దది, నడిపోడు అంటుంది, అన్నాక కొంగుతో నోరు అదుముకుంటుంది. మా అమ్మను, ఇందిరమ్మ గట్టి మనిషి అని ఊరంతా చెప్పుకుంటారు. గట్టిదనం ఎక్కడ నేర్చుకుందో నేను ఎప్పుడూ అడగలేదు.

మా తాత తమ్ముడు పోచయ్య గడ్డపార పట్టుకుని ముందు నడిచాడు. పాడె లేదు, డప్పు లేదు, బంధువులకు ఫోన్లు లేవు. తెల్ల తువ్వాలలో చుట్టి నా చేతుల్లో పెట్టారు. నిషిత పచ్చి బాలింత, గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. "నేనొస్త" అంది. "ఆడోళ్ళు రావద్దు బిడ్డా" అన్నాడు తాత. "అయితే పేరన్న పెట్టి పంపుండ్రి. గిట్ల ఉత్తగ ఎట్ల పంపుతరు?" అంది, అని నా వైపు చూసింది. "పేరు పెడితే దానికి ఇల్లు యాదికుంటది, పోకుండ తిరుగుతది" అంది అమ్మ. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. నేను ఒక్క మాట అంటే అయిపోయేది. ఏదో ఒక పేరు, ఎవరి పేరైనా సరే, నోటికి వచ్చింది అనేస్తే అయిపోయేది. చేతుల్లో బరువే లేదు. నేను నడక మొదలుపెట్టాను. కాలువ గట్టు మీద తాత గుంత తీశాడు, ఉప్పు చల్లాడు, మట్టి కప్పాడు, కుక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప వేశాడు. "ఎనకకు సూడకుండ నడువు" అన్నాడు. చూడలేదు. చెప్పిన మాట వినడంలో నన్ను మించినవాడు లేడు. ఇంటికొచ్చేసరికి నిషిత రవిక తడిసిపోయి ఉంది, పాలు ఇగిరిపోవాలని అమ్మ పాత చీర చించి ఆమె ఛాతీకి గట్టిగా కడుతోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు, ఆ పని మాత్రం ఇద్దరూ కలిసి చేస్తున్నారు. ఇవాళ పొద్దున రబ్బీ తెచ్చిన ఫారంలో ఒక ప్రశ్న, ఈ పాత్రలో ఎప్పుడైనా పాలు గానీ పాల పదార్థం గానీ పడిందా అని. లేదు అని రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

యాభై ఎనిమిది. ముసలాయన గడియారం చూసుకుని, తన మధ్యాహ్నపు ప్రార్థన వేళ అయింది, నీళ్ళు మరిగేలోపు చేసుకుంటాను అన్నాడు. ముక్కు ఎగబీల్చి, "ఈ వాసన ఎక్కడిది?" అని అడిగాడు. మురికినీళ్ళ ట్యాంకుది, గాలి ఇటు తిరిగితే వస్తుంది అన్నాను. వాళ్ళ నియమం ప్రకారం దుర్వాసన ఉన్నచోట ప్రార్థన చేయకూడదట. వాసన ఆగిపోయిన చోటు నుంచి ఇంకో నాలుగు మూరలు దాటి నిలబడాలట. మూర అంటే ఇదేనా అని నేను మోచేయి నుంచి వేళ్ళ దాకా చూపించాను, ఆయనా తన మోచేయి చూపించాడు, ఇద్దరిదీ ఒకటే కొలత. గడ్డపోతారంలో వాసన ఎక్కడ ఆగుతుందో తెలిస్తే అక్కడ ఇల్లే కట్టుకునేవాణ్ణి అన్నాను. నవ్వాడు. "ఆ నియమం మరుగుదొడ్డి గురించి పెట్టింది. రెండు వేల ఏళ్ళ కింద దాన్ని పెట్టినవాళ్ళు మీ ఊరు చూడలేదు" అని, సీసా నీళ్ళతో చేతులు కడుక్కుని, మెట్ల మలుపులో పడమటి కిటికీ దగ్గరికి పోయి పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి, గొంతు బయటికి రావడం లేదు. కింద దిలీప్ కూడా పని ఆపి చూస్తున్నాడు. నాకు ఆయన మీద కుళ్ళు పుట్టింది. దేవుడున్నందుకు కాదు, వేళ ఉన్నందుకు. ఫలానా వేళకు ఇటు తిరిగి నిలబడు, ఇన్ని మాటలు అను, మూడు అడుగులు వెనక్కి వెయ్యి అని ఆయనకు చెప్పేవాళ్ళు ఉన్నారు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నిన్నటి నుంచి నేను ఎప్పుడు ఏడవాలి? క్యాంటీన్‌లో సాంబారన్నం తినొచ్చా? గడ్డం గీసుకుని వచ్చాను, గీసుకోవచ్చా? ఇన్ని రోజులు నేల మీద పడుకో, ఇది తినకు, గడప దాటకు అని ఎవరైనా నన్ను కట్టేస్తే బాగుండు. మా నాన్న పోయినప్పుడు పదకొండు రోజులు ఆ మైల ఎప్పుడు తీరుతుందా అని విసుక్కున్నాను. ఇవాళ ఆ పదకొండు రోజులు నాకు కావాలి. అవి లేకపోతే నాకు బిడ్డ పుట్టనూ లేదు, పోనూ లేదు.

ఆయన వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే, అందుకే ఒకరికొకరం బాగానే అర్థమవుతాం. "నువ్వూ రోజూ ప్రార్థన చేస్తావా?" అన్నాడు. ఇంట్లో దీపం పెడతాం, ఇరవై రోజులుగా పెట్టడం లేదు అన్నాను. ఎందుకు అన్నాడు. పురుడు అనే మాటకు ఇంగ్లీషు నాకు రాదు. ఇంట్లో బిడ్డ పుట్టింది, అందుకని పెట్టకూడదు అన్నాను. అబద్ధం కాదది. మా అమ్మ లెక్కలో ఇవాళ కూడా దీపం లేనిది బిడ్డ పుట్టినందుకే, పోయినందుకు కాదు. ముసలాయన ముఖం వెలిగిపోయింది. వాళ్ళ భాషలో ఏదో శుభం పలుకుతూ లేచి నా చెయ్యి పట్టుకోబోయాడు, నేను వెనక్కి జరిగి రెయిలింగుకు కొట్టుకున్నాను. "అమ్మాయా, అబ్బాయా? ఏం పేరు పెట్టారు?" అన్నాడు.

"అమ్మాయి. పేరు లేదు" అన్నాను. "నిన్న పోయింది."

ఆయన చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. నా చేతుల వంక, ఒకదాని మీద ఒకటి వేసుకున్న గ్లౌజుల వంక చూశాడు. అప్పుడు నా నోటికి అడ్డం లేకుండా పోయింది. మా దాంట్లో చావు అంటు ఉంటుంది, మా ఇంట్లోవాళ్ళు లేదన్నారు గానీ నాకు ఉందనే అనిపిస్తోంది, పొద్దున్నుంచీ నేను ఈ రియాక్టర్‌ను ముట్టలేదు, ఒట్టు, కావాలంటే దిలీప్‌ను అడగండి, మీ శుద్ధి ఏమీ చెడలేదు అని గడగడా చెప్పేశాను. ముసలాయన వింటూ తల అడ్డంగా ఊపాడు. "చావు అంటు మా అందరికీ ఉంది" అన్నాడు. "నాకూ ఉంది. దాన్ని పోగొట్టే బూడిద ఒకటి ఉండేది, రెండు వేల ఏళ్ళ కింద శత్రువులు కూల్చిన మా గుడితోపాటే పోయింది. అప్పట్నుంచి అందరమూ అంటులోనే పుడుతున్నాం, అంటులోనే ప్రార్థన చేస్తున్నాం. ఈ ఉక్కుకు నీ అంటుతో పని లేదు, మరిగే నీళ్ళతోనే పని. అయినా నువ్వు ఇక్కడ ఎందుకున్నావు?"

ఎందుకున్నాను? రమ్మన్నారు, వచ్చాను. ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ పెద్దలు ఎప్పుడో కూర్చుని అన్నిటి గురించీ వాదించుకున్నారట, దీని గురించీ వాదించుకున్నారట. తనవాళ్ళు పోయి, ఇంకా మట్టిలోకి పోకుండా ముందర ఉన్నప్పుడు మనిషికి ప్రార్థన లేదు, ఏ విధీ లేదు. పాడె మోసేవాళ్ళకు లేదు, వాళ్ళ దగ్గర భుజం మార్చుకునేవాళ్ళకు లేదు, ఆ తర్వాత మార్చుకోబోయేవాళ్ళకూ లేదు. దేవుణ్ణి కూడా ఆగమంటామన్నాడు. మట్టి చేశాక అని అడిగాను. "ఏడు రోజులు నేల మీద కూర్చుంటాం. ఇంట్లోంచి కదలం. జనమే మా దగ్గరికి వస్తారు." ఏడు. ఎక్కడో ఒకచోట ఏడు రోజులు ఉన్నాయి. నా ధర్మం కాకపోతే మాత్రం ఏం, కూర్చోవడానికి నేల ఉంటే చాలు, నిషిత పక్కన ఏడు రోజులు చాప మీద కూర్చుంటాను, ఎవరైనా అడిగితే ఫలానా చోట ఇట్లా ఉంది అంటాను. "నాకూ ఏడేనా?" అని అడిగాను. పిల్లకు ఎన్ని రోజులు అన్నాడు. పందొమ్మిది అన్నాను.

ఆయన గడ్డంలో వేళ్ళు పెట్టుకుని కిందికి చూశాడు. "ముప్పై నిండాలి" అన్నాడు. "ముప్పై నిండకపోతే మేమూ కూర్చోం. అట్లాంటి బిడ్డకు పాడె ఉండదు, చేతుల్లోనే ఎత్తుకుపోతాం. ఒక ఆడమనిషి, ఇద్దరు మగవాళ్ళు, అంతే పోవాలి. తర్వాత వరసగా నిలబడి ఓదార్చడం కూడా లేదు."

అక్కడా మా అమ్మే కూర్చుని ఉంది. రెండు వేల ఏళ్ళ కింద, ఏ రాళ్ళ దేశంలోనో, గడ్డం పెంచుకుని కూర్చుని అదే తీర్పు చెప్పింది. ఎంతమంది పోయి ఉంటారు వాళ్ళకు, ఎన్ని గుంతలు తీసి ఉంటారు ఆ లెక్క కట్టుకోవడానికి. ఇంటికి ఇద్దరు ముగ్గురు పోతుంటే ఒక్కొక్కరికీ ఏడు రోజులు కూర్చుంటే చేను దున్నేదెవరు, నీళ్ళు తెచ్చేదెవరు, అందుకని ముప్పై దగ్గర గీత గీసుకుని ఉంటారు. అర్థమైంది, అర్థమైనకొద్దీ కోపం పెరిగింది. వాళ్ళు కనీసం ఒక ఆడమనిషిని రానిచ్చారు. మేము అదీ రానివ్వలేదు. నిషిత గడప దగ్గర నిలబడి నేనొస్త అంటే తాత వద్దన్నాడు, నేను తాత వెనక నడిచాను. "అంతేనా? ఇంకేమీ లేదా?" అని అరిచినట్టే అడిగాను, కింద దిలీప్ తలెత్తి చూశాడు.

"పేరు ఉంది" అన్నాడు ముసలాయన. "కూర్చోకపోయినా పేరు మాత్రం పెడతాం. పేరు లేకుండా పోతే గుంత దగ్గరే పెడతాం. పోయినవాళ్ళందరూ లేచే రోజు ఒకటి వస్తుందని మా నమ్మకం, మీకు అట్లాంటి రోజు ఉందో లేదో నాకు తెలియదు. ఆ రోజు పిలవడానికి పేరు ఉండాలి కదా." మట్టి కప్పేశాం అన్నాను. "తర్వాత పోయి పెట్టవచ్చు. భార్యను తీసుకుని పో. నీళ్ళు నేను చూసుకుంటాను, ముల్లు ఎట్లా చూడాలో నాకు తెలుసు."

ఎనభై తొమ్మిది. నేను మెట్లు దిగాను. దిగుతుంటే ఉరుకు వచ్చింది, మండే రసాయనాలున్న చోట ఉరకకూడదని రోజూ అందరికీ చెప్పేది నేనే. ప్లాంటులోకి ఫోన్లు రానివ్వరు, గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో పెట్టి రావాలి. డ్రమ్ముల వరస దాటుతూ, బాయిలరు దాటుతూ, మాటలు కూర్చుకున్నాను. ముందు ఆగు అనాలి. తర్వాత, నేను తప్పు చేసిన అనాలి, ఆ మాట నోటికి వస్తుందో రాదో. రేపు పొద్దున ఇద్దరం కాలువ గట్టుకు పోదాం, తాతను తోలుకుపోదాం, తుమ్మకంప ఎక్కడ వేసిండో తాతకు తెలుసు. అమ్మకు నేను చెప్తా. ఏం పేరు అనుకున్నవో నువ్వే చెప్పు, నక్షత్రం వద్దు, అక్షరం వద్దు, నీ నోట్లె ఉన్నది చెప్పు, అదే పెడదాం. చివరి మాట బాగుంది. పెళ్ళయి నాలుగేళ్ళలో నేను నిషితకు అంత మంచి మాట చెప్పలేదు. సెక్యూరిటీ నర్సింగ్ రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు, వంకరగా గీకి ఫోన్ లాక్కున్నాను. నాలుగుకు ఎనిమిది నిమిషాలుంది. ఆరుసార్లు మోగింది, ఏడోసారికి ఎత్తింది. వెనక ఆటో ఇంజను చప్పుడు, ముందే వచ్చాడు చిన్నరాములు.

"నిషితా, జెర ఆగు" అన్నాను. "నిన్నొకటి అడగాలె."

"వర్ష బట్టలన్ని సంచిల పెట్టుకున్న" అంది. గొంతులో కోపం కూడా లేదు. "ఇంట్ల ఇగ ఏం లేవు. మీ అమ్మను ఎతకొద్దని చెప్పు."

నాకు అర్థం కాలేదు. ఆమె చుట్టాల పిల్ల ఎవరైనా వచ్చి ఇంట్లో ఉండి పోయిందేమో, ఆ బట్టలు ఈమె దగ్గర ఎందుకున్నాయో అనుకున్నాను. అసలు సంగతి అడగాలన్న తొందరలో ఉన్నాను.

"వర్ష ఎవరు?" అన్నాను.

సంచి ఆటోలోకి ఎక్కించిన చప్పుడైంది.

"నీ బిడ్డ" అంది నిషిత.